కంబాలకొండలో పగటివేషగాళ్లు

మొదట దాన్ని చీమే అనుకున్నాను.

విశాఖలోని కంబాలకొండ అడవి అంచున, జూపార్కుకి ఆనుకుని ఉన్న వైపు, ఒక జీడిమామిడి చెట్టు. దాని ఆకుల్ని కలిపి కుట్టేసి ఎర్ర చీమలు బంతుల్లాంటి గూళ్లు కట్టుకున్నాయి. మామిడికాయలకని చెట్టెక్కిన ప్రతివాడూ జన్మలో మరిచిపోని చీమలవి. గూటికి మూరెడు దూరంలో ఒకటి మాత్రం విడిగా తిరుగుతోంది. అదే రంగు, అదే సన్నటి నడుము, అదే హడావుడి. ఫొటో తీద్దామని ఫోను దగ్గరికి జరిపాను. అది కొమ్మ మీంచి దూకేసి, కింద పడకుండా గాల్లో ఆగిపోయింది. తేరిపార చూస్తే దారం మీద వేలాడుతోంది. చీమ దారం తీయదు కదా! కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది.

అది సాలీడు. శాస్త్రీయ నామం మిర్మాప్లాటా ప్లాటాలియోయిడీస్. నోరు తిరగకపోతే చీమసాలీడు అనుకుందాం. ఇది వల కట్టుకుని కూర్చునే రకం కాదు, మన ఇంటి గోడల మీద ఈగల్ని గెంతి పట్టే సాలీళ్ల కుటుంబం. సాలీడు ఒంటికి రెండే భాగాలు, చీమకి మూడు. ఆ తేడా తెలియకుండా దీని ముందుభాగం మధ్యలో ఒక నొక్కు ఉంటుంది, తల వేరు, రొమ్ము వేరు అనిపించేలా. చీమకి రెండు మీసాలుంటాయి, సాలీడుకి ఉండవు. అందుకని ముందుకాళ్లు రెండూ ఎత్తి గాల్లో ఆడిస్తుంది. దీని దగ్గరి బంధువు ఒకదాన్ని 2017లో హైస్పీడ్ కెమెరాలతో పరిశీలించారు. నడిచినంతసేపూ అది ఎనిమిది కాళ్లూ నేలకి ఆనిస్తోంది. మధ్యమధ్య రెప్పపాటు ఆగి, ఆ సందులో ముందుకాళ్లు ఎత్తి మళ్లీ దించేస్తోంది. ఆ విరామాలు ఎంత చిన్నవంటే, మామూలు కంటికి అది ఆరు కాళ్ల మీద నడుస్తూ మీసాలు ఆడిస్తున్నట్టే ఉంటుంది.

సరే, ఇంత వేషం ఎవరికోసం?

చీమల్ని మోసగించడానికే అని నేను చాలాకాలం అనుకున్నాను. ఈ విషయం మీద ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. చీమలు తమవాళ్లని గుర్తుపట్టేది ముఖ్యంగా వాసనతో. ఒంటి మీద ఉండే మైనం లాంటి పూత వాసనే వాటికి ఆధార్ కార్డు. చీమసాలీడు ఆకారం ఎంత అచ్చుగుద్దినట్టున్నా, ఎదురుపడితే చీమకి అది పరాయిదే. అందుకే అది చీమల దగ్గరలో ఉంటుంది గానీ చీమల మధ్యకి పోదు. దారిలో ఒక చీమ ఎదురైతే పక్కకి తప్పుకుంటుంది, లేదా నేను చూసినట్టు దారం పట్టుకుని దిగిపోతుంది. వేషం చూడాల్సినవాళ్లు వేరే ఉన్నారు: పక్షులు, కందిరీగలు, వేరే సాలీళ్లు. ఎర్ర చీమ కరుస్తుంది, కరిచిన చోట ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, ఒకదాన్ని కదిపితే వంద వస్తాయి. వాటి జోలికి పోకూడదని ఆ వేటగాళ్లకి బాగా తెలుసు. (ఆ పులుపునే ఇష్టపడి తినేవాళ్లూ ఉన్నారనుకోండి. ఒడిశాలో మయూర్‌భంజ్ వాళ్ల ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.)

మా చిన్నప్పుడు ఊళ్లోకి పగటివేషగాళ్లు వచ్చేవారు. ఇవాళ శక్తి వేషం, రేపు బుడబుక్కలవాడు, ఎల్లుండి అర్ధనారీశ్వరుడు. శక్తి వేషం వీధిలోకి రాగానే మేం తలుపుల చాటుకి పరిగెత్తేవాళ్లం. మా పక్కింటి రెండేళ్ల పిల్ల మాత్రం బెదరకుండా ఎదురెళ్లి చీర కొంగు పట్టుకుంది. ఆ పిల్లకి శక్తి ఎవరో తెలియదు మరి. వేషం కట్టినవాడి చేతిలో ఉన్నది సగమే. మిగతా సగం చూసేవాడి బుర్రలో ముందే ఉండాలి. పురుగుల వేషాలన్నిటికీ ఇదే సూత్రం. కాబట్టి అడవిలో ఏ వేషం కనబడినా "ఇది దేనిలా ఉంది?" అనే దాంతో ఆగకూడదు. "ఎవరి కంటికి?" అని కూడా అడగాలి. ఆ రెండో ప్రశ్న వేస్తే చిక్కుముళ్లు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

చీమసాలీళ్లలో మగవాటి సంగతే చూడండి. వాటి కోరలు పొడుగ్గా ముందుకి సాగి ఉంటాయి. చూస్తే ఒక చీమ నోట్లో ఇంకో చీమని కరుచుకుని పోతున్నట్టుంటుంది. చీమలంటే భయపడే వేటగాళ్ల దగ్గర ఈ వేషం బాగానే చెల్లుతుంది. కానీ చీమల్నే వెతుక్కుని తినే సాలీళ్లు కొన్ని ఉన్నాయి. బరువు మోస్తున్న చీమకి నోరు ఖాళీ ఉండదు, తిరిగి కరవలేదు కాబట్టి వాటికి అలాంటిదంటే మరీ ఇష్టం. 2006లో అచ్చయిన ప్రయోగాల్లో ఆ సాలీళ్లు మగ చీమసాలీళ్లని బరువు మోసే చీమలనుకుని మీదపడ్డాయి. ఒకరి కంట్లో కవచమైన వేషమే ఇంకొకరి కంట్లో విస్తరి.

అదే ఎర్రచీమల చుట్టూ తిరిగే ఇంకో సాలీడు ఉంది. పేరు అమైసియా, అరసెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ. దీని వేషం తిరగేసి ఉంటుంది: వెనకభాగం చివర రెండు నల్లచుక్కలు, చీమ కళ్లలాగా. అంటే దీని వెనకవైపే చీమకి తల. చచ్చిపోబోతున్న చీమలా తూలుతూ, గిలగిల్లాడుతూ ఉంటుంది. ఏమైందోనని ఒక చీమ దగ్గరికి రాగానే మెడ దగ్గర కాటేసి, దారం మీద కిందికి వేలాడదీసుకుని తీరిగ్గా తింటుంది. ఇది అచ్చంగా మేకవన్నె పులి. పైన చెప్పిన చీమసాలీడు పులితోలు కప్పుకున్న గాడిద. ఇద్దరిదీ చీమవేషమే, ఇద్దరిదీ అదే చెట్టు, వృత్తి మాత్రం పూర్తిగా వేరు. ఆస్ట్రేలియాలో కాస్మోఫాసిస్ అనే మూడో రకం ఉంది. దాని రూపం చీమలా ఉండదు. ఈ చీమల పిల్లల్ని తినీ తినీ వాటి వాసనే ఒంటికి పట్టించుకుంటుంది, నేరుగా గూట్లోకే వెళ్లిపోతుంది. మన కంటికి అందులో వేషమే కనబడదు. చీమ ముక్కుకి మాత్రం అంతకన్నా గొప్ప వేషం లేదు.

మిమిక్రీ అనగానే తెలుగువాళ్లకి నేరెళ్ల వేణుమాధవ్ గొంతు గుర్తొస్తుంది. జీవశాస్త్రంలోకి ఆ మాటని బలంగా తెచ్చింది హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లీషాయన. 1848లో అమెజాన్ అడవులకి వెళ్లి 11 ఏళ్లు సీతాకోకచిలుకలు పట్టాడు. పక్షులు ముట్టని చేదు జాతుల రంగుల్నే వేరే కుటుంబాలకి చెందిన కమ్మటి జాతులు వేసుకుని, వాటి గుంపుల్లోనే ఎగురుతున్నాయని గమనించి 1862లో రాశాడు. పులితోలు గాడిద పద్ధతికి ఇవాళ్టికీ బేట్స్ అనుకరణ అనే పేరు. గాడిదకి ఒక షరతు ఉంది, అది ఓండ్ర పెట్టకూడదు. ఇంకో షరతు అంతకన్నా ముఖ్యం. పులులు ఎక్కువ, గాడిదలు తక్కువ ఉండాలి. బజార్లో దొంగనోట్లు ఏ ఒకటో రెండో తిరిగితే ఎవరూ పట్టించుకోరు. సగానికి సగం అవే అయితే కూరగాయల అమ్మి కూడా ప్రతి నోటునీ వెలుతురులో పెట్టి చూస్తుంది.

దీనికి ఉదాహరణ చూడ్డానికి అమెజాన్ దాకా ఎందుకు? విశాఖలో కరివేపాకు చెట్టు ఉన్న ఏ పెరట్లోకైనా వెళ్లండి.

కరివేపాకు, నిమ్మ చెట్ల మీద గుడ్లు పెట్టే నల్లటి సీతాకోకచిలుకని కామన్ మార్మన్ అంటారు. మగది నల్లగా, వెనక రెక్క మీద తెల్లచుక్కల వరసతో ఉంటుంది. ఆడవి మూడు రకాలు. ఒకటి అచ్చం మగదానిలాగే. రెండోది తెల్లమచ్చ, ఎర్రచుక్కలతో కామన్ రోజ్ అనే వేరే జాతిలా. మూడోది క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో జాతిలా. ఈ రోజ్‌లు ఈశ్వరి తీగ మీద పెరుగుతాయి. ఆ తీగలోని విషాన్ని గొంగళి దశలోనే ఒంట్లో దాచుకుంటాయి కనుక పక్షులు వాటిని ముట్టుకోవు. మార్మన్ తినేది మన పోపులో ఆకు, అందులో విషం ఎక్కడిది? ఒకే తల్లి పిల్లల్లో కూడా ఈ రూపాలు కలిసి పుడతాయి. ఇవన్నీ ఒకే జాతి అని 1865లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త చెప్పేదాకా వేరువేరు జాతులనే లెక్కేసేవారు. అసలునీ నకిలీనీ విడదీయాలంటే రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. రోజ్‌ల ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మార్మన్ ఒళ్లు నల్లన. పెరట్లో నాకు ఇప్పటికీ రెండుసార్లు చూస్తే గానీ తేలదు. ఎగిరిపోతున్న పక్షికి రెండోసారి చూసే తీరికెక్కడిది?

అన్ని ఆడవీ వేషం ఎందుకు కట్టవు? దొంగనోట్ల లెక్కే. వేషగత్తెలు పెరిగిన కొద్దీ వేషం విలువ పడిపోతుంది. రోజ్‌లు తక్కువగా ఉన్న చోట ఆ వేషం వల్ల లాభం లేదు సరికదా, కొట్టొచ్చినట్టు కనబడటం వల్ల నష్టం కూడా. మగవి ఎందుకు కట్టవు? గుడ్ల బరువుతో నెమ్మదిగా ఎగురుతూ ఆకు ఆకునీ వెతికే ఆడదానికే ప్రమాదం ఎక్కువని ఒక వాదన, ఆడవి జతకట్టేముందు మగదాని పాత రంగులే చూస్తాయని ఇంకో వాదన. రెండింటిలోనూ పస ఉంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఇంకో ప్రశ్న. రెక్క మీద తెల్లమచ్చ, ఎర్రచుక్కలు, రంగుల పంపకం ఇవన్నీ ఒక్కసారే మారాలి. సగం మారితే అటు మార్మనూ కాదు, ఇటు రోజూ కాదు. తరం తరానికీ జన్యువులు కలగాపులగం అవుతుంటే ఈ కట్ట విడిపోకుండా ఎలా నిలుస్తోంది? చాలా జన్యువులు పక్కపక్కనే అతుక్కుపోయి ఒక మూటలా దిగుతాయని దశాబ్దాల పాటు నమ్మారు. 2014లో బెంగళూరు పరిశోధకుడు కృష్ణమేఘ్ కుంటె, ఆయన సహచరులు కలిసి వెతికితే దొరికింది ఒకే ఒక్క జన్యువు. పేరు డబుల్‌సెక్స్. కీటకాల్లో ఆడ, మగ తేడాల్ని నడిపించేదే అది. ఆ ఒక్కదాంట్లోనే బోలెడు చిన్న మార్పులు పోగై, ఆ ముక్క తలకిందులై ఉండటంతో చెదరకుండా పిల్లలకి దిగుతోంది. ఆడ, మగ మీట ఉన్న చోటే వేషం మీట కూడా ఉందంటే, వేషం ఆడవాటికే ఎందుకు పరిమితమైందో కొంత అర్థమవుతుంది.

ఖాళీ స్థలాల్లో జిల్లేడు ఉన్న చోటల్లా తిరిగే నారింజ రంగు ప్లెయిన్ టైగర్‌దీ ఇదే కథ. జిల్లేడు పాలలోని విషం దానికి రక్ష. దాని నకలు డానైడ్ ఎగ్‌ఫ్లై ఆడది. ఆ ఎగ్‌ఫ్లై గొంగళి తినేది మనం పప్పులో వేసుకునే పాయలకూర. విషం ఉన్నదాన్ని తింటే పక్షికి ఏమవుతుందో 1960ల్లో అమెరికాలో లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ప్లెయిన్ టైగర్ బంధువైన మోనార్క్‌ని మింగిన జే పక్షి వాంతి చేసుకుంది. ఆ తర్వాత ఆ రంగు చూస్తేనే ముట్టలేదు. ఆయనే ఇంకోటి కూడా చెప్పాడు. తిన్న మొక్కని బట్టి అదే జాతిలో కొన్నిటికి విషం ఉంటుంది, కొన్నిటికి ఉండదు. అంటే అసలు నోట్ల కట్టలోనే దొంగనోట్లు.

రెండు జాతులూ నిజంగానే చేదువైతే? ఫ్రిట్జ్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1878 ప్రాంతంలో దీనికి లెక్క కట్టాడు. పక్షిపిల్ల రుచి చూసే నేర్చుకుంటుంది, ఆ పాఠానికి ఫీజు కొన్ని ప్రాణాలు. ఇద్దరూ ఒకే రంగు వేసుకుంటే ఫీజు సగం సగం. ఊరికో రంగు స్టాప్ లైటు పెట్టరు కదా. కందిరీగలూ తేనెటీగలూ పసుపు, నలుపు పట్టీల దగ్గర రాజీపడింది ఇందుకే. వీళ్లలో వీళ్లు మోసగాళ్లు కారు.

ఆ పట్టీల్ని అరువు తెచ్చుకున్న పూల ఈగలు మాత్రం మోసగాళ్లే. పువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడే ఆ ఈగకి రెక్కలు రెండే, మీసాలు పొట్టి, కొండి లేదు. కొన్ని జాతుల వేషం ఎంత నాసిరకం అంటే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. అయినా బతికేస్తున్నాయి. 2012లో చాలా జాతుల్ని పోల్చి చూస్తే, ఒళ్లు పెద్దదైన కొద్దీ వేషం నాణ్యంగా ఉందని తేలింది. చిన్న ఈగ పక్షికి ఒక గుటక కూడా కాదు, దానికోసం కొండి పోటు పడే సాహసం ఎవరు చేస్తారు? కాస్త పోలిక ఉంటే చాలు. పెద్ద ఈగ కడుపు నింపుతుంది కాబట్టి పక్షి పరీక్షగా చూస్తుంది. చూసే కన్ను ఎంత పట్టుదలగా చూస్తే వేషం అంత మెరుగవుతుంది.

ఇంతదాకా చెప్పినవన్నీ "నేను ఫలానా" అనే వేషాలు. "నేనిక్కడ లేను" అనేది వేరే విద్య. సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండలో మనం దాటిపోయే పురుగుల్లో చాలావాటిది ఈ రెండో విద్యే. వేపమానుకి, మామిడిమానుకి అతుక్కుని హెర్సీలియా అనే బల్లపరుపు సాలీడు ఉంటుంది, తోకల్లా రెండు పొడుగాటి దారపు గొట్టాలతో. బెరడు మీద చెయ్యి వేస్తే గానీ అది బెరడు కాదని తెలియదు. ఇలాంటివాటికి కదలికే శత్రువు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడు దొరికిపోయినట్టు, కదిలిందంటే అయిపోయిందే. గొల్లభామ, పుల్లపురుగు దీనికి ఉపాయం కనిపెట్టాయి. కదలక తప్పనప్పుడు గాలికి ఊగే రెమ్మలా అటూ ఇటూ ఊగుతూ కదులుతాయి.

వెనకున్న రంగు మారితే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మన కొండలు నిప్పంటుకున్నట్టు గోధుమరంగులోకి తిరగడం చూసినవాళ్లం. ఆ వారం పచ్చపురుగుల గతేమైందని అప్పుడు తోచలేదు, ఇళ్లల్లో కరెంటూ నీళ్లూ లేవు మరి. తుపాను చెప్పి రాదు, ఎండాకాలం మాత్రం చెప్పే వస్తుంది. వరి చేల దగ్గర, సాయంత్రం దీపాల వేళకి ఎగిరే ఈవెనింగ్ బ్రౌన్ అనే సీతాకోకచిలుక అందుకే రెండు బట్టలు ఉంచుకుంది. వానల్లో పుట్టినవాటి రెక్క అంచున గుండ్రటి కంటిచుక్కలు వరసగా ఉంటాయి. పొడి కాలంలో పుట్టినవాటికి అవి ఉండవు, ఎండుటాకు రంగే. జన్యువులు అవే, గొంగళి పెరిగిన రోజుల వాతావరణాన్ని బట్టి రూపం తేలుతుంది. దీని ఆఫ్రికా బంధువుల మీద గొల్లభామల్ని వదిలి చూస్తే, అవి కంటిచుక్కల మీదకే ఉరికాయి. రెక్క అంచు చిరిగింది, ప్రాణం దక్కింది. ఎండుటాకుల మధ్య కదలకుండా పడుండాల్సిన కాలంలో మాత్రం ఆ చుక్కలే పట్టిచ్చేస్తాయి, అందుకే అప్పుడవి మాయం.

"ఎవరి కంటికి" అన్నది మళ్లీ గుర్తుచేసే సాలీడు ఇంకొకటి. తెల్లపువ్వులో తెల్లటి పీతసాలీడు కనబడితే, ఆహా, ఎంత బాగా దాక్కుంది అనుకుంటాం. తేనెటీగకి మనకి కనబడని అతినీలలోహిత కాంతి కూడా కనబడుతుంది. ఆస్ట్రేలియాలోని ఒక పీతసాలీడు ఆ కాంతిలో పువ్వు మీద ధగధగ మెరుస్తుందని, తేనెటీగలు అలాంటి పువ్వుకే ఎక్కువగా వస్తున్నాయని 2003లో తేలింది. మనకి దాక్కున్నట్టు కనబడేది వాటికి బోర్డు కట్టి పిలుస్తోంది.

చివరగా ఒక తిరకాసు. పుల్లలా ఉన్న పురుగుని పక్షి చూడలేదా, చూసి కూడా పుల్ల అనుకుందా? ఫలితం ఒకటే, కారణాలు వేరు. 2010లో కొందరు పరిశోధకులు కోడిపిల్లలతో దీన్ని తేల్చారు. కొన్ని పిల్లలకి ముందుగా మామూలు పుల్లలు చూపించారు, కొన్నిటికి ఊదారంగు దారం చుట్టిన పుల్లలు, కొన్నిటికి ఏమీ చూపించలేదు. తర్వాత పుల్లలాంటి గొంగళిని ఎదురుగా, బట్టబయలుగా పెట్టారు. మామూలు పుల్లలు ఎరిగిన పిల్లలే తటపటాయించాయి, మిగతావి వెంటనే పొడిచాయి. అన్నిటికీ అది కనబడుతూనే ఉంది. మోసపోయినవి పుల్ల అంటే ఏమిటో తెలిసినవి మాత్రమే. మా పక్కింటి పిల్ల, శక్తి వేషం!

మొన్న ఆదివారం అమ్మ చారు పోపుకి కరివేపాకు కోస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఒక రెమ్మ మీద నలుపు, తెలుపు కలిసిన తడితడి మరక. వంగి చూస్తే ఒక కొసన చిన్న చిన్న కాళ్లు. మార్మన్ గొంగళి, ఇంకా ఒళ్లు పచ్చబడని వయసు. అమ్మ చెయ్యి అటే వెళ్లి టక్కున ఆగింది.

"ఏట్రా అలా చూస్తన్నావు? పిట్ట రెట్టేసింది. ఆ రెమ్మ ఒగ్గేయ్" అని పక్క రెమ్మ తుంచుకుని లోపలికి వెళ్లిపోయింది.